అయ్యా, మమ్మల్ని రాళ్లలో రాసుకోండి

మహారాజశ్రీ ప్రభుత్వం వారి సముఖానికి, కృష్ణ, తుంగభద్రల నడుమ నడిగడ్డలోని ధరూర్ మండల వాస్తవ్యుడు చేతులు కట్టుకుని రాసుకున్న దరఖాస్తు.

విషయం: మనుషుల పద్దులోంచి నా పేరు కొట్టేసి రాళ్ల పద్దులో ఎక్కించవలసిందిగా మనవి.

అయ్యా,

ఏ పార్టీ ప్రభుత్వానికి రాస్తున్నావని అడక్కండి. కాగితం మీద కలం పెట్టినప్పుడు ఒకటుంటుంది, కాగితం మీద ముద్ర పడేసరికి ఇంకొకటి వస్తుంది. జెండాలు మారతాయి, బోర్డుల మీద ఫొటోలు మారతాయి. టేపు పట్టుకొచ్చే మనిషీ, ఆయన వెనక ఎర్రరంగు డబ్బా మోసుకొచ్చే మనిషీ మాత్రం మారరు. కాబట్టి ఈ దరఖాస్తు ఆ డబ్బాకే రాసుకున్నానని అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

నాకు మతి చెడలేదు. సోమవారం ప్రజావాణిలో ఇలాంటి కాగితం చేతిలో పట్టుకుని వరసలో నిలబడితే ముందువాడు వెనక్కి తిరిగి నవ్వుతాడని తెలుసు. అయినా బాగా ఆలోచించుకునే అడుగుతున్నాను. పాత కోటలను, పాత బజార్లను, పాత బస్తీలను తమరు బాగు చేయబోతున్నారని పేపర్లో చదివినప్పుడల్లా మాకు వణుకు పుడుతోంది. తమరు బాగు చేసిన రాళ్లనూ చూశాం, బాగు చేసిన మనుషులనూ చూశాం. రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే రాయిగా ఉండటమే మేలనిపించింది. సాక్ష్యాలు కింద మనవి చేసుకుంటున్నాను.

ఒకటో సాక్ష్యం: బండెక్కిన గుడి

కృష్ణ, తుంగభద్ర కలిసే చోట కూడవెల్లి. అక్కడ బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం. శ్రీశైలం ఆనకట్ట నీళ్లు వెనక్కి తన్నుకొచ్చి గుడిని ముంచేస్తాయని తేలింది. అప్పుడు తమరు చూపిన శ్రద్ధకు దండం పెట్టాలి. గుడిని కూలగొట్టలేదు, విప్పారు. రాళ్లకు అంకెలు వేశారు. ఏ రాయి పక్కన ఏ రాయి, ఏ రాయి మీద ఏ రాయి అన్నది కాగితం మీద గీసుకున్నారు. బండ్ల మీద అలంపూర్ తెచ్చి, అదే వరసలో మళ్లీ పేర్చి నిలబెట్టారు. పాపనాశి గుళ్లూ అలాగే కదిలి వచ్చాయి. కొల్లాపూర్‌లోని మాధవస్వామి గుడి కూడా కృష్ణ ఒడ్డున మంచాలకట్ట నుంచి అలా వచ్చిందే. ఈ రోజు వెళ్లి చూస్తే అది వలస వచ్చిన గుడి అని ఎవరో చెబితే తప్ప తెలియదు. స్తంభం పక్కన పాత స్తంభమే ఉంది. ఇరుగూ పొరుగూ చెదరలేదు.

అదే ఆనకట్ట, అవే నీళ్లు. కర్నూలు, పాలమూరు జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. ఆ ఊళ్ల మనుషులకు అంకెలు వేశారా? వేశారు. ఎన్ని కుటుంబాలు, ఎన్ని ఎకరాలు, ఎన్ని రూపాయలు అని వేశారు. పక్కింటివాడు ఎవరన్న గడి ఆ కాగితంలో లేదు. 1981లో ఇళ్లు కూలగొట్టి మరీ ఖాళీ చేయించారు. ఒక ఊరు పది దిక్కులకు పోయింది. గుడికి దక్కిన నక్షా ఊరికి దక్కలేదు.

పాపం, తమరికీ మనసు పీకింది. 1986లో ఒక జీవో ఇచ్చారు. ప్రాజెక్టుల కింద ఇల్లూ భూమీ పోయిన కుటుంబాల్లో ఒకరికి ఉద్యోగం. దాని నంబరు 98. మా వైపు ఏ చాయ్ హోటల్లోనైనా ‘తొంభై ఎనిమిది’ అంటే చాలు, ఎవరో ఒకరు నిట్టూరుస్తారు. కొందరికి ఉద్యోగం వచ్చింది, మిగిలినవాళ్లకు వయసు వచ్చింది. దరఖాస్తు పెట్టుకున్నప్పుడు మీసం మొలవని పిల్లలు ఇప్పుడు మనవళ్లను చంకనేసుకుని తిరుగుతున్నారు. ఇక్కడ వినయంగా ఒక్క ప్రశ్న. గుడి రాళ్లు కొత్తచోట కుదురుకునేందుకు జీవోలు పట్టుకుని తిరగవలసి వచ్చిందా?

అలంపూర్ రాయికి ఇంకో భాగ్యం కూడా ఉంది. కేంద్ర రక్షణలో ఉన్న కట్టడం చుట్టూ వంద మీటర్ల దాకా కొత్త కట్టడం కూడదని 2010లో చట్టం సవరించారు. ఆ తరవాత ఇంకో రెండు వందల మీటర్ల దాకా అనుమతి ఉంటేనే కట్టాలి. వంద మీటర్ల లోపల ఇప్పటికే ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవాలన్నా కాగితం పెట్టుకోవాలి. నవబ్రహ్మ ఆలయాలు ఏడో శతాబ్దం నాటివి, వాటిని కాపాడటం న్యాయమే. వాటి పక్కన తరాలుగా దీపం పెట్టుకుంటూ బతికిన మనిషి మాత్రం కురిసే కప్పు మార్చుకోవడానికి ఆఫీసు మెట్లెక్కాలి. చట్టం కళ్లకు గుడి ఆస్తి, గుడి పక్క మనిషి అడ్డు. ఇంతకన్నా నాకేం రుజువు కావాలి? మనిషి రాయి పక్కన ఉన్నా లాభం లేదు, రాయే కావాలి.

రెండో సాక్ష్యం: గోడ మీద అక్షరాలు

అవి పల్లెల ముచ్చట్లు, పట్నం లెక్క వేరని తమరు అనవచ్చు. సరే, పట్నమే పోదాం.

హైదరాబాదులో చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్ బస్తీలు. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ ప్రక్షాళన అన్నారు. ఒకరోజు సిబ్బంది వచ్చి ఇళ్ల గోడల మీద ఎర్రటి అక్షరాలు రాసి వెళ్లారు: ఆర్‌బీ-ఎక్స్. మా ఇళ్లలో పెళ్లికి ముందు గోడ మీద పసుపూ కుంకుమా పెడతాం. శ్రావణంలో గడపకు బొట్టు పెడతాం. గోడ మీద రాత అంటే శుభమని నమ్మే జనం మేము. ఈ కొత్త బొట్టుకు అర్థం ‘నదీగర్భంలోని ఇల్లు’ అని చెప్పడానికి ఇంగ్లీషు వచ్చినవాళ్లను వెతుక్కోవలసి వచ్చింది. ఇల్లు పోయేవాడికి ఆ సంగతి వాడి భాషలో చెప్పే మర్యాద కూడా మిగల్లేదు.

గుడి రాళ్ల మీద వేసిన అంకె మళ్లీ పేర్చడానికి. గోడల మీద వేసిన అక్షరం మళ్లీ కనపడకుండా చేయడానికి. రంగు ఒకటే కావచ్చు, కుంచె ఒకటే కావచ్చు, వేసే చెయ్యి కూడా ఒకటే కావచ్చు. నా దరఖాస్తుకు మూలం ఇదే.

ఈలోగా కొందరు పెద్దలు సియోల్ వెళ్లి వచ్చారు. అక్కడ చియొంగ్‌యెచొన్ అనే వాగు మీద వేసిన పైరోడ్డును పీకేసి, 2005లో వాగును మళ్లీ పారించారు. మనవాళ్లు నీళ్లు చూశారు, ఒడ్డు చూశారు, ఫొటోలు దిగారు. ఆ ఒడ్డున బతికిన చిల్లర వర్తకులను ముందు ఒక పాత స్టేడియంలోకి తోలారనీ, కొన్నేళ్లకు ఆ స్టేడియాన్నీ కూలగొట్టారనీ అక్కడి మార్గదర్శి చెప్పాడో లేదో! మూసీకి మాస్టర్ ప్లాన్ గీసే కన్సల్టెంట్లకే 141 కోట్లు కేటాయించారు. మా గద్వాల సంస్థానం కూడా ఒకప్పుడు పండితులకు ఏటా వార్షికాలు ఇచ్చేది. అందుకే ‘విద్వద్గద్వాల’ అని పేరొచ్చింది. కాకపోతే ఆనాటి పండితుడు సభలో నిలబడి అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పాలి, తప్పితే పరువు పోయేది. ఈనాటి పండితుడు పవర్‌పాయింట్ తిప్పుతాడు. చివరి బొమ్మలో చెట్లుంటాయి, సైకిల్ తొక్కే అమ్మాయి ఉంటుంది, ఐస్‌క్రీం తినే పిల్లాడుంటాడు. ఆ బొమ్మలో మూసానగర్ మనిషిని వెతికి పట్టిస్తే నా తరఫున ఒక జూరాల చేపల ఫ్రై బహుమానం.

పాతబస్తీ మెట్రో సంగతీ మనవి చేసుకోవాలి. ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. రోడ్డు వెడల్పు కోసం ఇళ్లూ దుకాణాలూ తీసుకుంటూ గజానికి 81 వేలు కట్టారు. మెట్రో వద్దని పాతబస్తీలో ఎవరూ అనలేదు. పట్నం నడిబొడ్డుకు రైలు అందరికన్నా చివర వస్తే సంతోషించక ఏం చేస్తారు? గజానికి ధర కట్టడం కూడా మంచిదే. ఆ గజంలో ముప్పై ఏళ్లుగా గాజులకు లక్కా రాళ్లూ అతికిన అద్దె మనిషికి ఏ ధర? కాగితం మీద పేరున్నవాడికి చెక్కు, పేరు లేనివాడికి దారి. పాత పేటల్లో పేరు లేనివాళ్లే ఎక్కువ. పేట పేరు మోసేది కూడా వాళ్లే.

ప్రభుత్వ నిఘంటువు

తమరి భాష అర్థం కాక మా పెద్దలు మోసపోయారు. నేను మాత్రం కొద్దో గొప్పో నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దగలరు.

ఆక్రమణ: ఇల్లు రోడ్డు మీదకు మూడడుగులు జరగడం.

విస్తరణ: రోడ్డు ఇంట్లోకి ముప్పై అడుగులు జరగడం.

లబ్ధిదారు: నిన్నటిదాకా ఇంటి యజమాని.

అభిప్రాయ సేకరణ: నిర్ణయం తీసుకున్నాక టెంటు వేసి, కుర్చీలు పరిచి, ఆ నిర్ణయాన్ని మైకులో వినిపించడం.

సామాజిక ప్రభావ అంచనా: 2013 భూసేకరణ చట్టం పెట్టిన పరీక్ష. చాలా రకాల పథకాలు ఆ పరీక్ష రాయకుండానే పాసయ్యే ఏర్పాటును మన రాష్ట్రం 2017లో సవరణ ద్వారా చేసుకుంది. పిల్లలకు కాపీ కొట్టవద్దని చెబుతాం. ఇక్కడ కాపీ కొట్టే అవసరమే లేదు.

సుందరీకరణ: ఫొటోలో పడకూడని మనుషులను ఫొటో తీసే ముందే పక్కకు జరపడం.

వారసత్వం: మనుషులు ఖాళీ చేశాక మిగిలేది.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగుతాను.

రాళ్లలోనూ కులాలు

దరఖాస్తు రాసి పక్కింటి పంతులు గారికి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, “ఏ రాళ్లల్ల రాయమంటున్నవు? అన్ని రాళ్లను ఒక్క తీరుగ చూస్తరనుకుంటున్నవా?” అన్నారు. నిజమే. ఆ భాగం నేను ఆలోచించలేదు.

హైదరాబాదులో వారసత్వ కట్టడాలకు పట్నం జోనింగ్ నిబంధనల్లో పదమూడో నిబంధన అండగా ఉండేది. 1995లో ఆ కట్టడాలను జాబితాకు ఎక్కించారు. 2015 డిసెంబరులో ఆ నిబంధనే ఎగిరిపోయింది. 2017లో కొత్త వారసత్వ చట్టం వచ్చింది. చట్టం సిరా ఆరిందో లేదో, 2019లో ఇర్రం మంజిల్‌ను కూలగొట్టి అక్కడ కొత్త శాసనసభ కడతామన్నారు. నవాబు ఫక్రుల్ ముల్క్ ఎంతో ముచ్చటపడి కట్టుకున్న మేడ అది. చట్టాలు చేసే సభ కోసం చట్టం కాపాడే మేడను కూల్చడం! ఇంత లోతైన వ్యంగ్యం రాయడం నా వల్ల కాదు. ఈ విద్యలో తమరే నాకు గురువులు. ఆ ఏడాది సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది కాబట్టి మేడ బతికింది.

కాబట్టి నా మనవిలో చిన్న సవరణ: నన్ను నవాబు మేడ రాళ్లలో రాయకండి, గుడి రాళ్లలో రాయండి. కోర్టు ఖర్చులు భరించే స్తోమత నాకు లేదు.

కోటలో కాలేజీ

ఇంత తిట్టాక ఒక మంచి మాట చెప్పకపోతే కళ్లు పోతాయి.

ధరూర్ నుంచి బస్సెక్కి గద్వాలలో దిగి కోట వైపు నడవండి. సోమనాద్రి కట్టించిన కోట. ఎత్తయిన గోడలు, లోపల చెన్నకేశవస్వామి గుడి. అక్కడే మహారాణి ఆదిలక్ష్మి దేవమ్మ పేరుతో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. బుర్జుల నీడలో పుస్తకాల సంచులు వేలాడేసుకుని పిల్లలు నడుస్తుంటారు. వనపర్తికి పోతే రాజుల ప్యాలెస్‌లో పాలిటెక్నిక్ నడుస్తోంది. ఏ రాజు కోట అయితేనేం, సీడు పత్తి చేలో పూలు గిల్లే కూలీ బిడ్డ అందులో కూర్చుని లెక్కలు చేసుకుంటే అంతకన్నా గొప్ప పునరుద్ధరణ ఇంకేముంటుంది?

గమనించారా, తమరు చేసిన పనుల్లో నిక్షేపంలా నిలిచినది ఇదే. ఎందుకంటే దీనికి తమరు ఏ పథకం పేరూ పెట్టలేదు. డీపీఆర్ లేదు, కన్సల్టెంటు లేడు, లేజర్ షో లేదు. పిల్లలను తెచ్చి లోపల కూర్చోబెట్టారు, అంతే. మనిషి మసలే చోట రాయి బతుకుతుంది. ఆ గోడకు పట్టిన మొక్కలు పీకించి, ఊడుతున్న సున్నం పూయించి, వాన నీళ్లు పునాదిలోకి దిగకుండా కాలువ తీయిస్తే ఇంకో మూడు వందల ఏళ్లు నిలబడుతుంది. కానీ మొక్కలు పీకడానికి శంకుస్థాపన చేయలేం కదా! శిలాఫలకం పెట్టలేని పని ప్రభుత్వానికి పని కాదు.

తమరికి చేతకాదని నేననను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ఊడ్చేశాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో నగరాభివృద్ధి బోర్డు పుట్టింది. రోడ్లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ రాతి బజారు కట్టింది, ఇరుకు బస్తీలు తీసేసిన చోట సామాన్యులకు ఇళ్లు కూడా కట్టింది. నిజాం రోజుల్లో అంతా బంగారమని చెప్పేంత అమాయకుణ్ని కాను. బస్తీలు కూలినప్పుడు ఏడ్చినవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. అయినా ‘తీసిన చోట మళ్లీ కట్టాలి’ అన్న ఆలోచన వందేళ్ల కిందటే ఈ నేల మీద పుట్టింది. నిన్నమొన్నటి సంగతికి మొజంజాహీ మార్కెట్‌నే చూడండి. 1935 నాటి రాతి మార్కెట్. గోడల మసి కడిగి, కప్పు బాగు చేసి 2020లో తళతళలాడించారు. లోపలి ఐస్‌క్రీం కొట్లు ఐస్‌క్రీం కొట్లుగానే ఉన్నాయి. రాయినీ ఉంచారు, మనిషినీ ఉంచారు. ఆకాశమేమీ విరిగి పడలేదు. చేయగలిగి కూడా చేయని పనినే కదా అయ్యా, మా ఊళ్లో పాపమంటారు.

లోతుకు కాలమ్ లేదు

రేపు ఇదే ఉత్సాహం మా గద్వాల కోట చుట్టూ ఉన్న పాత వీధుల మీదకు వచ్చిందనుకుందాం. వస్తుందనే అనుకుందాం, 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయింది కదా. జిల్లా అన్నాక రోడ్లు లావెక్కాలి.

ఒక నేతన్న ఇల్లు. గడప దాటగానే గుంత మగ్గం. నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి, కింద చెక్కలు తొక్కుతూ ముసలాయన నేస్తుంటాడు. పక్కన కొడుకో కోడలో అంచు వైపు చెయ్యందిస్తుంటారు. మూడు నాడెలు: నడుమ నూలుకు ఒకటి, అటూ ఇటూ పట్టు అంచులకు రెండు. నూలు పోగూ పట్టు పోగూ ఎదురెదురుగా వచ్చి ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరగాలి. ఒక్క మెలిక తప్పినా అంచు ఊడిపోతుంది. ఆ మెలికనే కుప్పడం అంటారు. అంచు మీద కోట బురుజుల్లా నిలబడే నమూనాకు కోటకొమ్మ అని పేరు. సున్నం రాలిపోతున్న కోటను రోజూ కొత్తగా కడుతున్నది ఈ మగ్గమొక్కటే.

టేపు సారు లోపలికి వస్తాడు.

“పొడవు ఇరవై నాలుగు, వెడల్పు పదమూడు. రాసుకో.”

“గుంత కొలువరా సారూ?” అంటాడు ముసలాయన.

“లోతుకు కాలమ్ లేదు తాతా. ఎందుకు రంది? ఇల్లు పోతె ఇల్లిస్తరు. డబుల్ బెడ్రూం. మూడో అంతస్తు.”

“మూడో అంతస్తుల గుంత ఎట్ల తవ్వాలె సారూ? కాళ్లు పోయి కింది ఇంటోళ్ల నెత్తి మీద పడ్తయి గద.”

సారు నవ్వుతాడు. మంచివాడే. ఆయనకూ పైనుంచి వచ్చిన కాగితమే దిక్కు. ముసలాయన వీపు వెనక గోడ మీద కుంచె కదులుతుంది. మగ్గం చప్పుడు ఆగదు. నడుమ ఆపితే మెలిక తప్పుతుంది కాబట్టి ఆగదు.

నాలుగు నెలల తరవాత అదే వీధిలో ‘గద్వాల చేనేత వారసత్వ కేంద్రం’ వెలుస్తుంది. అద్దాల గదిలో ఒక మగ్గం, మగ్గం ముందు సిమెంటుతో చేసిన నేతన్న బొమ్మ. బొమ్మ కాళ్లు కనపడటానికి గుంతలో లైటు కూడా వేస్తారు. టిక్కెట్టు ఇరవై రూపాయలు. ముసలాయన చూడాలనుకుంటే సీనియర్ సిటిజన్ రాయితీ ఉంటుంది.

అయ్యా, తమరు ఇంజనీర్లను సియోల్ పంపనక్కర్లేదు. ఈ మగ్గం పక్కన వారం రోజులు కూర్చోబెట్టండి. పాత నూలుకు కొత్త పట్టును ఎలా కలపాలో మా ముసలాయన చూపిస్తాడు. పాతదాన్ని కత్తిరించి కొత్తదాన్ని కుట్టడు. ఒక్కో పోగుకు ఒక్కో పోగు మెలేసి కలుపుతాడు. పొద్దు పోతుంది, నడుము నొస్తుంది, కానీ చీర ఒకటే అవుతుంది. గద్వాల చీర అగ్గిపెట్టెలో పడుతుందంటారు. తమరి పథకాలు మాత్రం ఎంత మడిచినా మా వీధిలో పట్టవు.

ఎదురు ప్రశ్న

“అయితే పాత పేటలను కూలిపోయేదాకా అలాగే వదిలేయమంటావా?” అని తమరు అడుగుతారు. అడగాలి కూడా. వానాకాలం వచ్చిందంటే నడిగడ్డలో మట్టి మిద్దె కింద పడుకునే ప్రతి తల్లీ పైకప్పు చూస్తూనే నిద్రపోతుంది. సందులోకి ఫైరింజన్ రాదు, అంబులెన్సు రాదు. మోరీ నీళ్లూ నల్లా నీళ్లూ ఇరుగుపొరుగుగా పారుతుంటాయి. పాతదంతా పవిత్రమని పాట పాడేవాళ్లు ఆ సందులో ఒక్క ఆషాఢం గడిపి చూడాలి. కాబట్టి ప్రభుత్వం రావాలి. రావద్దని ఎవరన్నారు?

వచ్చేటప్పుడు చేతిలో ఏం పట్టుకొస్తారన్నదే గొడవ. మరమ్మతుకు అప్పు పట్టుకు రండి. మిద్దె గోడకు పాత పద్ధతిలో సున్నం పూసే మేస్త్రీని పట్టుకు రండి, అటువంటివాళ్లు ఇంకా ఒకరిద్దరు మిగిలే ఉంటారు. మోరీకి పైపు పట్టుకు రండి. పేరు లేని అద్దె మనిషి పేరు రాసుకునే పుస్తకం పట్టుకు రండి. తప్పనిసరిగా గోడ తీయవలసి వస్తే, మళ్లీ ఎక్కడ, ఎవరి పక్కన పెడతారో ముందే గీసిన నక్షా పట్టుకు రండి. ఇవేవీ లేకుండా ఎర్రరంగు డబ్బా ఒక్కటే వస్తే మాత్రం, రాళ్లలో చేరిపోవడం తప్ప మాకు గత్యంతరం లేదు.

ప్రార్థన

పై కారణాల వల్ల తమరిని కోరుకునేది ఏమనగా:

1. నన్ను, నా కుటుంబాన్ని, మా వీధిలో సమ్మతించిన వారందరినీ రాళ్లుగా గుర్తిస్తూ ధ్రువీకరణ పత్రం ఇప్పించగలరు. మీసేవలో ఆ ఫారం లేకపోతే కులం పత్రం ఫారంలోనే సర్దుకుంటాం.

2. ప్రతి ఒక్కరికీ అంకె వేయగలరు. అంకె మళ్లీ పేర్చడానికే వేశారని దాని కింద సంతకం పెట్టగలరు.

3. కదల్చవలసి వస్తే కూడవెల్లి గుడిని కదిల్చినంత నెమ్మదిగా కదల్చగలరు. అంచు విరగకుండా గడ్డి పరచగలరు.

4. మళ్లీ పేర్చేటప్పుడు నా పక్కన ఉన్న రాయిని నా పక్కనే పెట్టగలరు. మా ఇద్దరికీ ముప్పై ఏళ్లుగా నల్లా దగ్గర తగాదా ఉంది. కొత్త చోట ఎవరితో తగాదా పడాలో తెలియక దిగులు పడతాం.

5. కొలతల ఫారంలో లోతు అనే కాలమ్ ఒకటి చేర్చగలరు. ఐదింటిలో నాలుగు తోసిపుచ్చినా ఇది ఒక్కటి మన్నిస్తే, మిగతా దరఖాస్తు వెనక్కి తీసుకుని మళ్లీ మనిషిగానే బతకడానికి సిద్ధం.

జతపరచినవి: ఆధార్ నకలు, ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, 98వ జీవో జిరాక్సు (మడతల దగ్గర చిరిగింది), గోడ పెచ్చు ఒకటి (తమరి ఎర్రరంగుతో సహా).

ఇట్లు,
తమ విధేయుడు,
ధరూర్ మండలానికి చెందిన ఒక రాయి
(ఉత్తర్వులు వచ్చేదాకా మనిషి)